పోయిన ఫైళ్ళు, పాడైన ఫైళ్ళు: వ్యక్తిగత కంప్యూటర్‌లో వాటిని తిరిగి రాబట్టే వరస

"ఫైలు డిలీట్ అయిపోయింది, ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి?" అని చాలామంది అడుగుతుంటారు. అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌ను దించుకుని, అదే డ్రైవులో ఇన్‌స్టాల్ చేస్తే, అది వెళ్ళి సరిగ్గా పోయిన ఫైలు ఉన్న చోటే కూర్చోవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది నాలుగో ఐదో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఇప్పుడు ఏం చేయకూడదు అన్నది.

ఇది విండోస్ 10, 11 వాడేవారి కోసం రాసింది. మెట్ల వరస మార్చకండి. పైనున్నవి ఖర్చు లేనివి, ఫైలుకు హాని చేయనివి. కిందికి వెళ్ళే కొద్దీ శ్రమా పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది.

## 1. ముందు చేతులు కట్టేసుకోండి

ఫైలును తొలగించినప్పుడు విండోస్ దాని పేరు పక్కన "తీసేశాం" అని గుర్తు పెట్టి, అది ఉన్న చోటును ఖాళీగా లెక్క వేసుకుంటుంది. ఓటర్ల జాబితాలో పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి ఊరు విడిచిపోడు కదా, ఇదీ అంతే. కొత్త ఫైలు వచ్చి ఆ చోటును ఆక్రమించే దాకా పాత సమాచారం అక్కడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీల (తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లలో సమాచారం దాచే డిస్కుల) కథ వేరు, అది నాలుగో మెట్టులో చూద్దాం.

కాబట్టి ఆ డ్రైవులో ఇక ఒక్క అక్షరం కూడా రాయనివ్వకూడదు.

- ఫైలు పెన్ డ్రైవులోనో, మెమరీ కార్డులోనో, బయటి హార్డ్ డిస్కులోనో ఉంటే దాన్ని ఎజెక్ట్ చేసి పక్కన పెట్టండి. కెమెరా కార్డు అయితే ఇక ఒక్క ఫోటో కూడా తీయకండి.
- డి, ఈ వంటి డ్రైవులో ఉంటే ఆ డ్రైవులోకి వెళ్ళే డౌన్‌లోడ్లు, కాపీలు, బ్యాకప్‌లు ఆపేయండి.
- సి డ్రైవులో ఉంటే రీసైకిల్ బిన్ ఒక్కటి చూడండి. అక్కడ లేకపోతే కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయండి. మీరేమీ చేయకపోయినా విండోస్ అప్‌డేట్లు, బ్రౌజరు తాత్కాలిక ఫైళ్ళు ఆ డ్రైవులో రాస్తూనే ఉంటాయి. రెండో మెట్టులో చెప్పిన ఆన్‌లైన్ వెతుకులాటను ఫోనులో చేసుకోవచ్చు.
- "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి" అని తెర మీద వస్తే క్యాన్సిల్ నొక్కండి.
- డిస్క్ క్లీనప్, డీఫ్రాగ్, చెక్ డిస్క్ (డిస్కు తప్పులను సరిచేసే విండోస్ పనిముట్టు), "స్పీడు పెంచే" క్లీనర్లు ఏవీ నడపకండి.

తర్వాత ఒక కాగితం తీసుకుని ఇవి రాసుకోండి: ఫైలు పేరు, రకం, ఏ ఫోల్డరులో ఉండేది, సుమారు సైజు, ఎప్పుడు పోయింది, పోయాక మీరు ఏమేమి చేశారు. ఇది లాంఛనం అనుకోకండి. స్కాన్ చేశాక పేర్లు లేని వేల ఫైళ్ళు ముందు పడతాయి. అప్పుడు ఈ కాగితమే దారి చూపిస్తుంది.

## 2. నిజంగా పోయిందా, పక్కకు జరిగిందా?

చాలా "పోయిన" ఫైళ్ళు పోలేదు. మౌస్ జారి పక్క ఫోల్డరులోకి వెళ్ళి ఉంటాయి, లేదా వేరే పేరుతో సేవ్ అయి ఉంటాయి. ఈ వరసలో చూడండి.

- ఇప్పుడే పోయిందా? అదే ఫోల్డరులో ఖాళీ చోట ఒకసారి క్లిక్ చేసి కంట్రోల్, జెడ్ కలిపి నొక్కండి. చివరి పని వెనక్కి తిరుగుతుంది.
- ఫైల్ ఎక్స్‌ప్లోరరులో "దిస్ పీసీ"ని ఎంచుకుని, కుడివైపు పై మూల వెతికే పెట్టెలో పేరులోని ఒక మాట టైపు చేయండి. పేరు గుర్తు లేకపోతే తేదీని బట్టి వరస పెట్టి చూడండి.
- రీసైకిల్ బిన్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి రీస్టోర్ అనండి. అది పాత చోటికే వెళ్తుంది, అక్కడికి వెళ్ళి చూడండి. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేసినవి, పెన్ డ్రైవులోంచి తీసేసినవి, బిన్ పరిమితిని మించినంత పెద్దవి అసలు ఇందులోకి రావు.
- వన్‌డ్రైవ్ మీకు తెలియకుండానే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను తన అధీనంలోకి తీసుకుని ఉండవచ్చు. దాని వెబ్ పేజీలోకి లాగిన్ అయి అక్కడి రీసైకిల్ బిన్ చూడండి. వ్యక్తిగత ఖాతాల్లో 30 రోజులు ఉంచుతారు. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లోనూ 30 రోజులే.
- ఆ ఫైలును ఎప్పుడైనా ఎవరికైనా పంపారా? జీమెయిల్ సెంట్ ఫోల్డరు, వాట్సాప్ డాక్యుమెంట్ల జాబితా, ప్రింటు తీయించుకున్న జిరాక్స్ షాపు కంప్యూటర్. నవ్వకండి. రెజ్యూమెలు, సర్టిఫికెట్లు దొరికేది తరచుగా ఇక్కడే.
- ఫైలు ఉండిన ఫోల్డరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ప్రీవియస్ వెర్షన్స్. ఫైల్ హిస్టరీ లేదా రీస్టోర్ పాయింట్లు ముందే ఆన్‌లో ఉంటే పాత ప్రతులు కనిపిస్తాయి. రీస్టోర్ నొక్కకుండా ఓపెన్ చేసి, కావలసిన ఒక్క ఫైలునే వేరే చోటికి కాపీ చేసుకోవడం మంచిది. మొత్తం రీస్టోర్ చేస్తే పాత ఫైళ్ళు కొత్తవాటి మీద పడతాయి.

వర్డ్‌లో సేవ్ చేయకుండానే కరెంటు పోయిన సందర్భం వేరు. వర్డ్ తెరిచి ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ అని వెళ్ళండి. వర్డ్ మామూలుగా 10 నిమిషాలకొకసారి తన కోసం ఒక ప్రతి దాచుకుంటుంది. ఎక్సెల్, పవర్‌పాయింట్ కూడా అంతే. ఆ ప్రతులు కొద్ది రోజులే ఉంటాయి, ఆలస్యం చేయకండి.

మ్యాక్‌లో అయితే ట్రాష్, తర్వాత టైమ్ మెషీన్, ఆపైన ఐక్లౌడ్ చూడండి.

## 3. పెన్ డ్రైవులో ఫైళ్ళకు బదులు షార్ట్‌కట్లు కనిపిస్తే

జిరాక్స్ షాపుకో, కాలేజీ ల్యాబుకో వెళ్ళి వచ్చిన పెన్ డ్రైవులో ఈ జబ్బు మామూలే. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోతాయి, లేదా డ్రైవు ఖాళీగా కనిపిస్తుంది, కానీ ప్రాపర్టీస్‌లో చూస్తే చోటు నిండి ఉంటుంది. ఫైళ్ళు పోలేదు. వైరస్ వాటిని దాచిపెట్టి, తనను నడిపించే షార్ట్‌కట్లను పైన పెట్టింది. ఇక్కడ రికవరీ సాఫ్ట్‌వేర్ అనవసరం, ఫార్మాట్ అంతకంటే అనవసరం.

1. ఆ షార్ట్‌కట్ల మీద డబుల్ క్లిక్ చేయకండి. చేస్తే వైరస్ మీ కంప్యూటర్‌లోకి కూడా దిగుతుంది.
2. విండోస్ సెక్యూరిటీతో పెన్ డ్రైవును పూర్తిగా స్కాన్ చేయండి.
3. ఫైల్ ఎక్స్‌ప్లోరరు ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబుకు వెళ్ళి, "షో హిడెన్ ఫైల్స్" ఎంచుకోండి. దానికి కొంచెం కింద ఉన్న "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" దగ్గర టిక్కు తీసేయండి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేసి, "అయినా కనిపించడం లేదు" అంటారు.
4. మసక రంగులో ఫోల్డర్లు బయటపడతాయి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డరు ఒకటి ఉంటుంది, అన్నీ దానిలోనే ఉంటాయి.
5. కంప్యూటర్‌లో కొత్త ఫోల్డరు చేసి, మసక ఫోల్డరు లోపలి ఫైళ్ళను మాత్రమే ఎంచుకుని అందులోకి కాపీ చేయండి. ఫోల్డరును యథాతథంగా కాపీ చేస్తే దాగుడు గుణం కూడా దాని వెంటే వస్తుంది.
6. ఫైళ్ళన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక పెన్ డ్రైవును ఫార్మాట్ చేయండి. మూడో అడుగులో తీసిన టిక్కును మళ్ళీ పెట్టండి.

## 4. మీది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా?

ఇక్కడినుంచి ఆశ ఎంత పెట్టుకోవాలో ఇదే తేలుస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్తే డిస్కు పేరు కిందే హెచ్‌డీడీ అనో ఎస్‌ఎస్‌డీ అనో ఉంటుంది.

హార్డ్ డిస్కు అయితే, వెంటనే ఆపి ఉంటే, అవకాశం బాగుంటుంది. పెన్ డ్రైవులు, మెమరీ కార్డుల్లోనూ సాధారణంగా అంతే.

ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీ అయితే నిరాశే ఎక్కువ. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. ఫైలు తొలగించగానే "ఈ చోట్లు ఇక అక్కర్లేదు" అని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పేస్తుంది. ఎస్‌ఎస్‌డీ వాటిని తుడిచిపెట్టేస్తుంది. ఇందులో ఒక మోసం కూడా ఉంది. పేరు, సైజు, తేదీ రాసి ఉండే జాబితా వేరే చోట ఉంటుంది కాబట్టి, స్కాన్ చేస్తే మీ ఫైలు పేరు చక్కగా కనిపిస్తుంది. "పరిస్థితి అద్భుతం" అని కూడా చూపిస్తుంది. తీరా రాబట్టి తెరిస్తే లోపల అన్నీ సున్నాలు. డబ్బు కడితేనే ఫైలు ఇస్తానన్న సాఫ్ట్‌వేర్‌ను ఈ పేర్ల జాబితా చూసి కొనకండి. ప్రివ్యూలో ఫైలు నిజంగా తెరుచుకున్నప్పుడే కొనడం గురించి ఆలోచించండి.

మినహాయింపు ఒకటుంది. విండోస్ డ్రైవుల్లో దాదాపు 700 బైట్ల లోపు ఉండే బుల్లి నోట్‌ప్యాడ్ ఫైళ్ళు ఆ జాబితాలోనే దాగి ఉంటాయి. వాటికి ట్రిమ్ తగలదు.

ఫార్మాట్ విషయంలోనూ తేడా తెలుసుకోండి. క్విక్ ఫార్మాట్ జాబితాను మాత్రమే కొత్తగా రాస్తుంది, హార్డ్ డిస్కులో అయితే లోపలివి మిగులుతాయి. క్విక్ దగ్గర టిక్కు తీసేసి చేసే పూర్తి ఫార్మాట్, విండోస్ విస్టా కాలం నుంచి, డిస్కు మొత్తాన్ని సున్నాలతో నింపుతుంది. అలా చేసి ఉంటే ఇక వెతకకండి, డబ్బూ పోయకండి.

ఎస్‌ఎస్‌డీ ఉన్నవారికి రికవరీ కంటే బ్యాకప్పే దిక్కు. ఈ పేజీ చదువుతుండగానే ఒక బయటి డిస్కు తగిలించి, కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీని ఆన్ చేయండి. గంటకొకసారి మారిన ఫైళ్ళ ప్రతి తీసి పెడుతుంది.

## 5. డిస్కు ఆరోగ్యం చూడకుండా స్కాన్ మొదలుపెట్టకండి

స్కాన్ అంటే డిస్కును మొదటి నుంచి చివరి దాకా గంటల తరబడి చదివించడం. జబ్బుపడిన డిస్కు ఆ శ్రమకే చనిపోతుంది.

వెంటనే కరెంటు తీసేయాల్సిన లక్షణాలు:

- టక్ టక్ మని క్రమంగా కొట్టుకునే శబ్దం, గీరుతున్న శబ్దం
- తిరగడం మొదలై ఆగిపోవడం
- కింద పడ్డ డిస్కు, నీళ్ళు పడ్డ డిస్కు

ఇవి ఉంటే నేరుగా పదో మెట్టుకు వెళ్ళండి. డిస్కును ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. ఇంట్లో మూత విప్పకండి. చదివే తల ధూళి రేణువు కంటే ఎంతో తక్కువ ఎత్తులో పళ్ళెం మీద తేలుతూ ఉంటుంది, ఒక్క రేణువు చాలు గీసేయడానికి.

శబ్దం లేదు కానీ డిస్కు నత్తనడక నడుస్తోందా? క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో చూడండి. నీలం రంగులో "గుడ్" అంటే ముందుకు వెళ్ళవచ్చు. పసుపు రంగు "కాషన్", ఎరుపు "బ్యాడ్" అంటే, ముఖ్యంగా రీఅలొకేటెడ్ సెక్టార్లు, కరెంట్ పెండింగ్ సెక్టార్ల వరసల్లో సున్నా కాని అంకె ఉంటే, డిస్కు మీద నేరుగా స్కాన్ చేయకండి. ముందు దాని నకలు తీసి, ఆ నకలు మీద పని చేయాలి.

నకలు తీయడానికి లినక్స్‌లో (విండోస్‌కు బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌లో) జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము ఉంది, ఉచితం. ఉబుంటు అనే లినక్స్ ఉన్న పెన్ డ్రైవుతో కంప్యూటర్‌ను బూట్ చేసి నడపవచ్చు. ముందు బాగున్న భాగాలన్నీ చదివేసి, మొండికేసే చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పేరు కూడా ఇస్తే, మధ్యలో ఆగినా అక్కడినుంచే కొనసాగుతుంది. నకలు పెట్టే డిస్కు పాతదానికంటే పెద్దదై ఉండాలి. ఆదేశంలో మొదట పాత డిస్కు, తర్వాత కొత్త డిస్కు వస్తాయి. ఆ రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వెళ్ళి మీ డేటా మీద పరుచుకుంటుంది. ఎంటర్ నొక్కే ముందు డిస్కుల సైజులు చూసి నిర్ధారించుకోండి. చేయి వణుకుతుంటే తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

## 6. స్కాన్ చేసి రాబట్టడం

సామగ్రి:

- ఇంకొక కంప్యూటర్, లేదా కనీసం ఇంకొక డ్రైవు
- రాబట్టిన ఫైళ్ళు పెట్టుకోవడానికి చాలినంత ఖాళీ ఉన్న వేరే డిస్కు
- లోపలి హార్డ్ డిస్కును విప్పి తగిలించాలంటే సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబులు. కంప్యూటర్ దుకాణాల్లో తేలికగా దొరుకుతుంది.
- డ్రైవుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ తాళం మీరు అడగకుండానే పడి ఉండవచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూడండి. అది లేకుండా వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే లోపల ఏమీ చదవలేరు.

సూత్రం ఒక్కటే: ఏ డ్రైవులోంచి రాబడుతున్నామో ఆ డ్రైవులో ప్రోగ్రాము పెట్టకూడదు, ఫలితాలూ పెట్టకూడదు.

మొదటి ప్రయత్నం, రెక్యూవా అనే ప్రోగ్రాము. పేర్లు, ఫోల్డర్లతో సహా తిరిగి రావాలంటే ముందు ఇది. ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ రూపాన్ని వేరే కంప్యూటర్‌లో దించుకుని పెన్ డ్రైవులో పెట్టుకోండి.

1. ఫైలు రకం ఎంచుకోండి. అనుమానంగా ఉంటే "ఆల్ ఫైల్స్".
2. పోయిన ఫోల్డరును చూపించండి.
3. మొదటిసారి డీప్ స్కాన్ లేకుండా నడపండి. నిమిషాల్లో అయిపోతుంది. దొరకకపోతేనే డీప్ స్కాన్.
4. ఫలితాల పక్కన రంగు చుక్కలుంటాయి. ఆకుపచ్చ అంటే బాగున్నట్టు, నారింజ అంటే కొంత పోయినట్టు, ఎరుపు అంటే దాని మీద వేరే ఫైలు కూర్చున్నట్టు. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో ఏ ఫైలు వచ్చి కూర్చుందో కూడా చెబుతుంది.
5. కావలసినవి టిక్ చేసి, రికవర్ నొక్కి, వేరే డ్రైవును చూపించండి.

రెండో ప్రయత్నం, ఫోటోరెక్. పేరు చూసి ఫోటోలకే అనుకోకండి. 480కి పైగా ఫైలు రకాలను గుర్తుపడుతుంది. పూర్తిగా ఉచితం, ఎన్ని ఫైళ్ళకైనా పరిమితి లేదు. ఇది జాబితాను పట్టించుకోకుండా ఫైలు మొదట్లో ఉండే గుర్తు అక్షరాలను బట్టి డిస్కంతా వెతుకుతుంది. అందుకే జాబితా ధ్వంసమైనా పని చేస్తుంది, అందుకే పేర్లు మాత్రం తిరిగి రావు.

1. జిప్ విప్పితే క్యూఫోటోరెక్ అనేది ఉంటుంది. అది మౌస్‌తో వాడుకునే రూపం, నల్ల తెరతో పని లేదు.
2. డ్రైవును ఎంచుకోండి. సైజు చూసి సరైనదేనా అని మళ్ళీ చూడండి.
3. ఫైళ్ళు తొలగిపోయి, డ్రైవు బాగానే ఉంటే "ఫ్రీ" ఎంచుకోండి. డ్రైవే తెరుచుకోకపోతే "హోల్" (Whole).
4. ఫైల్ ఫార్మాట్స్‌లో అన్నీ తీసేసి, మీకు కావలసిన రకాలు మాత్రమే పెట్టండి. ఈ అడుగు దాటేస్తే బ్రౌజరు చెత్త బొమ్మలు వేలకు వేలు వచ్చి పడతాయి.
5. ఫలితాలకు వేరే డిస్కును చూపించి సెర్చ్ నొక్కండి. పెద్ద డిస్కైతే రాత్రంతా పట్టవచ్చు. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా సెట్టింగు మార్చండి, ఛార్జరు తగిలించి ఉంచండి.

పేర్లు లేని గుట్ట వచ్చాక భయపడకండి. ఫోటోల లోపల తీసిన తేదీ రాసి ఉంటుంది. ఎక్స్‌ప్లోరరులో "డేట్ టేకెన్" వరస పెడితే పెళ్ళి ఫోటోలన్నీ ఒకచోట చేరతాయి. పత్రాలకైతే సైజు బట్టి వరస పెట్టండి, లేదా లోపల ఉండే ఒక అరుదైన మాటతో వెతకండి. మొదట రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి.

మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫైల్ రికవరీ కూడా ఉచితమే, స్టోర్‌లో ఉంది. కానీ ఆదేశాలు టైపు చేసుకోవాలి. అలవాటు లేనివారు దాని జోలికి పోనక్కర్లేదు.

## 7. డ్రైవు తెరవగానే "ఫార్మాట్ చేయండి" అంటే

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అలాంటి డ్రైవు పక్కన "రా" (RAW) అని కనిపిస్తుంది. జాబితా చెడింది, లోపలి ఫైళ్ళు చాలావరకు ఉంటాయి. ముందు వేరే పోర్టు, వేరే కేబులు, వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. కేబులు మార్చగానే తెరుచుకున్న డిస్కులు చాలా ఉన్నాయి.

అయినా రాకపోతే ఫోటోరెక్‌తో వచ్చే టెస్ట్‌డిస్క్ వాడండి. అది దొరికిన పార్టిషన్‌ను చూపించినప్పుడు పీ నొక్కితే లోపలి ఫైళ్ళ జాబితా వస్తుంది. సీ నొక్కి వాటిని వేరే డిస్కుకు కాపీ చేసుకోవచ్చు, పేర్లతో సహా. "రైట్" (Write) అనే ఆప్షన్ జోలికి మాత్రం కాపీ పూర్తయ్యేదాకా వెళ్ళవద్దు. అది డిస్కు మీద రాస్తుంది.

ఇంటర్నెట్‌లో చాలామంది ఇక్కడ చెక్ డిస్క్ నడపమంటారు. నేను వద్దంటాను. చెక్ డిస్క్‌కు కావలసింది జాబితా సక్రమంగా ఉండడం, మీ ఫైళ్ళు కాదు. లెక్క కుదరని ముక్కలను "ఫౌండ్.000" అనే దాగిన ఫోల్డరులో పడేస్తుంది. మీరు ఇప్పటికే నడిపేసి ఉంటే ఆ ఫోల్డరును తొలగించకండి. అందులోని సీహెచ్‌కే ఫైళ్ళు మీ ఫైళ్ళే, పేరు మారాయి. నోట్‌ప్యాడ్‌తో తెరిచి మొదటి అక్షరాలు చూడండి. శాతం గుర్తు తర్వాత పీడీఎఫ్ అని ఉంటే అది పీడీఎఫ్ ఫైలు, పీకే అని ఉంటే కొత్త వర్డ్, ఎక్సెల్ లేదా జిప్ ఫైలు. దానికి తగిన పొడిగింపు (పేరు చివర చుక్క తర్వాత వచ్చే .pdf, .docx వంటి అక్షరాలు) పెట్టి తెరవండి.

## 8. ఫైలు ఉంది, తెరుచుకోవడం లేదు

ఏ మరమ్మతుకైనా ముందు ఫైలును రెండు ప్రతులు చేసి, రెండో ప్రతి మీదే పని చేయండి. సైజు కూడా చూడండి. సున్నా బైట్లు ఉంటే బాగు చేయడానికి లోపల ఏమీ లేదు, ఆరో మెట్టుకు వెనక్కి వెళ్ళండి.

వర్డ్, ఎక్సెల్. ఫైలు మీద డబుల్ క్లిక్ చేయకుండా, ముందు వర్డ్ తెరిచి, ఫైల్, ఓపెన్, బ్రౌజ్‌లో ఆ ఫైలును ఒకసారి క్లిక్ చేయండి. ఓపెన్ బటన్ పక్కన చిన్న బాణం ఉంటుంది. అందులో "ఓపెన్ అండ్ రిపేర్". ఎక్సెల్‌లో అదే దారిలో వెళ్తే "రిపేర్", "ఎక్స్‌ట్రాక్ట్ డేటా" అని రెండు అడుగుతుంది. మొదటిది విఫలమైతే రెండోది. ఫార్ములాలు పోయినా అంకెలు మిగలవచ్చు. లిబ్రే ఆఫీస్‌లో కూడా తెరిచి చూడండి. వర్డ్ కాదన్న ఫైలును అది తెరిచే సందర్భాలున్నాయి.

వర్డ్ ఫైలులోని బొమ్మలైనా చాలనుకుంటే ఇంకో దారి ఉంది. కొత్త రకం వర్డ్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ప్రతి తీసి, పేరు చివర పొడిగింపును జిప్ అని మార్చి విప్పితే, వర్డ్ అనే ఫోల్డరులోని మీడియా ఫోల్డరులో బొమ్మలన్నీ ఉంటాయి.

ట్యాలీ. డేటా మెనూలో రిపేర్ ఉంది. దాన్ని నొక్కే ముందు కంపెనీ డేటా ఫోల్డరు మొత్తాన్ని వేరే చోటికి కాపీ చేయండి. రిపేర్ కొన్ని వోచర్లను వదిలేసినా వెనక్కి రావడానికి దారి ఉండాలి.

ఫోటోలు. సగం బొమ్మ, సగం బూడిద రంగు కనిపిస్తే ఆ సగం డేటా ఫైలులో లేదని అర్థం. ఏ మరమ్మతు సాఫ్ట్‌వేరూ లేనిదాన్ని పుట్టించలేదు. కార్డు ఇంకా ఉంటే వేరే రీడరుతో మళ్ళీ కాపీ చేయండి.

వీడియోలు. రికార్డు చేస్తుండగా బ్యాటరీ అయిపోతే ఎంపీ4 ఫైలు సైజు గిగాబైట్లలో ఉన్నా తెరుచుకోదు. కెమెరా చివర్లో రాయాల్సిన సూచిక రాయలేదు, అంతే. అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రాముకు అదే కెమెరాతో, అదే సెట్టింగులతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే, దాన్ని చూసి సూచికను తిరిగి కడుతుంది. నమూనా వేరే ఫోనుది ఇస్తే పని చేయదు. ఇక్కడే చాలామంది ఓడిపోతారు.

పెద్ద పెన్ డ్రైవులో చివర పెట్టినవే పాడవుతుంటే. అతి చౌకగా కొన్న ఒకటి, రెండు టెరాబైట్ల పెన్ డ్రైవు నకిలీది కావచ్చు. అసలు చోటు కొద్దిగానే ఉండి, ఎక్కువ ఉన్నట్టు అబద్ధం చెబుతుంది. ఆ పైన పెట్టినవి ఎక్కడా రాయబడవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ప్రోగ్రాము నిజం బయటపెడుతుంది, కానీ అది డ్రైవు నిండా రాస్తుంది. ముందు తెరుచుకునే ఫైళ్ళన్నీ బయటికి తీసుకోండి.

పాడవకుండానే పాడైనట్టు కనిపించేవి. మనకు ఎక్కువగా ఎదురయ్యేవి మూడు.

- పాత తెలుగు ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అది అను వంటి యూనికోడ్‌కు ముందరి ఫాంట్లతో టైపు చేసినది. ఆ ఫాంట్ వేయండి, లేదా యూనికోడ్ మార్పిడి పనిముట్టు వాడండి.
- తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో చెత్తగా తెరుచుకుంటుంది. సేవ్ చేయకుండా మూసేయండి. ఖాళీ షీటు తెరిచి, డేటా ట్యాబులో "ఫ్రమ్ టెక్స్ట్"తో ఆ ఫైలును తెచ్చి, ఫైల్ ఆరిజిన్‌లో 65001 ఎంచుకోండి. అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వచ్చాక సేవ్ చేస్తే మాత్రం అప్పుడు నిజంగానే పోతాయి.
- ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరుచుకోకపోతే అది పాస్‌వర్డ్ సంగతి: ఇంగ్లీషులో మీ పేరు మొదటి నాలుగు అక్షరాలు పెద్దబడిలో (క్యాపిటల్స్‌లో), వెంటనే పుట్టిన సంవత్సరం.

## 9. ఫైళ్ళన్నిటికీ కొత్త తోక తగిలి, డబ్బు అడుగుతుంటే

ఇది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్. నెట్ తీసేయండి, తగిలించిన బయటి డిస్కులు పీకేయండి. తాళం పడిన ఫైళ్ళను, బెదిరింపు నోటును దాచండి. ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు, భద్రతా సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో నోటును పరీక్షకు పెడితే, తాళం తీసే ఉచిత పనిముట్టు ఉందో లేదో చెబుతుంది. ఇవాళ లేకపోయినా తర్వాత రావచ్చు, అందుకే ఫైళ్ళు పారేయకండి. డబ్బు కట్టకండి. 1930కి ఫోను చేసి సైబర్ నేరంగా ఫిర్యాదు ఇవ్వండి.

## 10. దుకాణానికి ఇచ్చేముందు

డిస్కు శబ్దం చేస్తున్నా, కంప్యూటర్‌కు అసలు కనిపించకపోయినా ఇంటి ప్రయత్నాలు ఆపండి. కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ సీటీసీలో ఇచ్చినా, మీ ఊళ్ళో ఇచ్చినా ఇవి అడగండి.

- ముందు పరీక్ష మాత్రమే చేస్తారా? దానికి రుసుము ఎంత?
- డేటా రాకపోతే ఏమైనా కట్టాలా?
- డబ్బు కట్టకముందు, వచ్చే ఫైళ్ళ జాబితా లేదా కొన్ని ప్రివ్యూలు చూపిస్తారా?
- డిస్కు మూత విప్పాల్సి వస్తే ధూళి లేని గది వారి దగ్గరే ఉందా, వేరే ఊరికి పంపుతారా?
- రాబట్టిన డేటా నకలును వారి దగ్గర ఎన్నాళ్ళు ఉంచుకుంటారు?

మీరు ఇంతకుముందు ఏ ప్రోగ్రాములు నడిపారో దాచకుండా చెప్పండి. డిస్కు సీరియల్ నంబరు ఫోటో తీసుకుని, రసీదు మీద కూడా రాయించండి. "సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తాం, సాయంత్రం రండి" అని టక్ టక్ మంటున్న డిస్కును కౌంటరు మీదే కంప్యూటర్‌కు తగిలించబోతే వెనక్కి తీసేసుకోండి.

డేటా వచ్చినా రాకపోయినా పాత డిస్కును అడిగి తెచ్చుకోండి. దాని మీద మీ బ్యాంకు కాగితాలు, ఇంటివాళ్ళ ఫోటోలు ఇంకా ఉన్నాయి.